కారం చేతులు

మిరపకాయల రోజుల్లో సింధూర ఎవరినీ ముట్టుకోదు. కల్లంలో కాయ ఆరబోసిన దగ్గర్నుంచి బస్తాలు కుట్టి లారీ ఎక్కించేదాకా ఆ చేతులు ఆమెవి కావు. సబ్బు పెట్టి తోమినా, చింతపండు రుద్దినా, పుల్లటి మజ్జిగలో నానబెట్టినా మంట చర్మం పైన పోతుంది గానీ లోపల ఉండనే ఉంటుంది. మర్చిపోయి కంట్లో నలుసు తీసుకోబోయిందా, ఇక ఆ పూటకు ఏడుపే. చిల్లకల్లులో కల్లం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. ఆ రోజుల్లో పసిపిల్లలకు ముద్ద పెట్టేది నాయనమ్మలు, ముక్కు తుడిచేది మేనత్తలు.

కొడుకు సుశాంత్ చిన్నప్పుడు, బడి నుంచి వస్తూనే ఆమె మీదకి ఉరికేవాడు. ఆమె రెండు చేతులూ పైకెత్తేసి "కారం చేతులు, కారం చేతులు" అని అరిచేది. వాడు టక్కున ఆగి, కాసేపు ఆలోచించి, ఆమె మోచెయ్యి పట్టుకునేవాడు. అక్కడికి కారం రాదని వాడి లెక్క. కల్లం నుంచి ఇంటిదాకా అలాగే మోచెయ్యి పట్టుకుని నడిచేవాడు.

ఇప్పుడు వాడికి పదిహేనేళ్ళు. ఆమెకంటే జానెడు పొడుగు. జగ్గయ్యపేటలో పదో తరగతి. ఇంట్లో ఉన్నంతసేపూ తలుపు వేసుకుని ఉంటాడు, తీస్తే గోడ అదిరేలా తీస్తాడు.

"పేరేమో సుశాంత్. శాంతం మాత్రం సున్నా" అని పక్కింటివాళ్ళు నవ్వుతారు. పేరు పెట్టింది సింధూరే. అప్పటికి ఆమెకు పద్దెనిమిది నిండాయో లేదో.

ఆమె చదువు పదో తరగతితో ఆగిపోయింది. మంచి మార్కులే వచ్చాయి. నందిగామలో ఇంటర్లో చేరుస్తారని ఎదురుచూస్తుంటే, అమ్మ కనకవల్లి వెంకట్ సంబంధం తెచ్చింది. నాలుగెకరాల మిరప, రోడ్డు పక్కన ఇల్లు. అంతకంటే ఏం కావాలన్నారు అందరూ. ఆ కడుపుమంట ఎక్కడికీ పోలేదు, కొడుకు చదువు మీదికి వచ్చి పడింది. ఏడో తరగతి కాగానే వాణ్ణి దూరంగా ఓ హాస్టల్ స్కూల్లో వేయించింది. వెంకట్ వద్దన్నా వినలేదు. పిల్లాడు ఆదివారం ఆదివారం ఫోన్ చేసి "అమ్మా, నన్ను తీసుకెళ్ళు" అని ఏడిస్తే, "అందరూ ఉండట్లేదా నాన్నా, నువ్వే ఉండలేవా" అంది. ఏడాదిన్నర అదే మాట అంది. ఆ తర్వాత వాడు ఏడవడం మానేశాడు. ఓ రోజు, తనను రోజూ కొడుతున్న పై క్లాసు కుర్రాడి తలమీద పళ్ళెం పెట్టి కొట్టాడని, వచ్చి తీసుకెళ్ళమని హాస్టల్ వాళ్ళు కబురు పెట్టారు. తీసుకొచ్చారు. వచ్చిన పిల్లాడు వెళ్ళిన పిల్లాడు కాదు.

ఏం చెయ్యాలో తెలియక సింధూర ఫోన్లో వీడియోలు చూసేది. ఎవరో ఒకావిడ నిమ్మళంగా చెప్పేది. పిల్లలు అరిచినప్పుడు మీరు అరవకండి. గొంతు తగ్గించండి. మంచినీళ్ళు తాగండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. సింధూర అన్నీ చేసింది. ఓసారి వాడు రిమోట్ నేలకేసి కొట్టాక గుమ్మంలో నిలబడి లెక్కపెడుతుంటే పెదవులు కదిలాయి కాబోలు.

"ఏంటి, నా మీద మంత్రాలు చదువుతున్నావా?" అన్నాడు.

"కాదురా, లెక్కపెడుతున్నా."

"ఏంటి, మిరపకాయలా?"

ఆమెకు నవ్వొచ్చింది. వాడి మూతి కూడా ఓ వైపు వంకర తిరిగింది. ఆ వంకర నవ్వు కోసం ఎన్ని రిమోట్లయినా పగలనీ అనుకుంది ఆ పూట.

ఈ ఏడు కాయ బాగానే దిగింది. టార్పాలిన్ పట్టాల మీద ఎర్రగా పరిచి, తాలు కాయ, అంటే తెల్లబడి పాడైన కాయ, ఏరి పక్కన పోస్తున్నారు. ఏరేది సింధూర, ఆమెతో పాటు ఎప్పుడూ వచ్చే మహిమ, ఇంకో ఇద్దరు. ఆ సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. ఎండిన కాయ మీద చినుకు పడిందంటే ఇక చెప్పేదేముంది. వెంకట్ ఎరువుల కొట్టుకి పేట వెళ్ళాడు. సింధూర ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, కొట్టంలో పెద్ద పట్టా ఉంది, బండి మీద వేసుకుని రా" అంది.

వాడు వచ్చాడు, పట్టా లేదు. బండేసుకుని ఎటో పోతూ దారిలో ఆగాడంతే.

"పట్టా ఏదిరా?"

"నేను పేట పోతున్నా. ఫ్రెండ్ బర్త్‌డే."

"వాన వస్తోంది కన్నా. ఒక్క పది నిమిషాలు."

"నీకు కాయలే కావాలి కదా. ఎప్పుడూ అంతే."

ఆమె గొంతు తగ్గించింది. ఒకటి, రెండు అనుకుంది. వాడు బండి తిప్పాడు. తిప్పడం తిప్పడం కల్లం మీదుగా తిప్పాడు. ఆరబోసిన కాయ మీద నుంచి ఈ చివర నుంచి ఆ చివరకు టైరు పోయింది. కాయ పటపట పగిలి, గింజలు చిట్లి, ఘాటు పైకి లేచింది. అందరూ దగ్గారు. ఆమె వెళ్ళి బండి హ్యాండిల్ పట్టుకుంది. అప్పటికీ అరవలేదు.

"దిగు నాన్నా" అంది.

"నువ్వు చదువుకోలేదు కాబట్టే నన్ను తీసుకెళ్ళి అక్కడ పడేశావ్" అన్నాడు వాడు. "చదువుకున్న అమ్మయితే నేను ఏడుస్తుంటే అర్థమయ్యేది."

లెక్క ఎక్కడుందో ఆమెకు తెలియలేదు. చెయ్యి లేచింది. చెంప మీద పడింది.

వాడు బండి వదిలేశాడు. బండి పక్కకి ఒరిగింది. వాడు అలాగే నిలబడి ఆమెను చూశాడు. చూస్తూ చూస్తూ కింది పెదవి వణికింది. కళ్ళు నిండాయి. హాస్టల్ నుంచి వచ్చాక వాడు ఏడవడం ఆమె చూడడం అదే మొదటిసారి. ఆ కన్నీళ్ళు చూసేసరికి ఆమెకు ప్రాణం విలవిల్లాడింది, కల్లం లేదు, మబ్బు లేదు, మనుషులు లేరు. "నా తండ్రీ" అంటూ రెండు చేతులతో వాడి మొహం పట్టుకుని, బొటనవేళ్ళతో కళ్ళు తుడిచింది.

"అయ్యో సింధూరమ్మా, చేతులు! ఆ చేతులతో వద్దు!" అని మహిమ వెనక నుంచి అరిచింది. అప్పటికే తుడిచేసింది.

ఆ తర్వాత వాడు పెట్టిన కేక ఊళ్ళోకి వినిపించిందన్నారు.

నీళ్ళు కొట్టారు. మహిమ పరుగెత్తి పాలు తెచ్చి పోసింది. ఆటోలో పేట తీసుకెళ్ళారు. కంటి డాక్టరు రెప్పలెత్తి చూసి, చూపుకేం భయం లేదు, వాపు తగ్గేదాకా చుక్కలు వెయ్యాలి, వెలుగులోకి వెళ్తే నల్లద్దాలు పెట్టుకోవాలి అన్నాడు. సింధూర చేతుల వైపు ఓసారి చూసి, "కల్లంలో పనా అమ్మా" అని మాత్రం అన్నాడు. ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

మర్నాడు పొద్దున్నే సుశాంత్ బ్యాగు సర్దుకున్నాడు. "అమ్మమ్మ దగ్గరికి పోతున్నా. నన్ను తీసుకురమ్మని ఎవర్నీ పంపొద్దు" అన్నాడు తండ్రితో. సింధూర వైపు చూడలేదు. వెంకట్ వాణ్ణి నందిగామలో దింపి వచ్చాడు. వచ్చి, చెప్పులు విప్పుతూ అన్నాడు.

"నువ్వు కావాలని కళ్ళల్లో కారం పెట్టావనుకుంటున్నాడు సింధూ. మీ అమ్మ నీకు పెట్టినట్టు."

ఆమె కూర్చున్న చోటే కూర్చుండిపోయింది.

తొమ్మిదో తరగతిలో ఉండగా, చెప్పకుండా స్నేహితురాళ్ళతో సినిమాకి వెళ్ళిందని కనకవల్లి ఆమె కళ్ళల్లో కారం పెట్టింది. అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఉన్న శిక్షే. కనకవల్లి ఆ సంగతి ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది, మనవడికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆ రోజు చీకట్లో గోడ తడుముకుంటూ సింధూర ఒట్టు పెట్టుకుంది. నా కడుపున పుట్టినవాళ్ళకి ఇది మాత్రం చెయ్యను అని.

ఊరు ఊరుకుంటుందా. "పోన్లే, మొక్కగా ఉన్నప్పుడే వంచాలి" అన్నారు కొందరు, మెచ్చుకోలుగా. "ఎంత కోపమైతే మాత్రం" అన్నారు ఇంకొందరు. సింధూర ఎవరికీ బదులు చెప్పలేదు. "కావాలని కాదు, తుడవబోయాను" అని చెప్పొచ్చు. మహిమ చూసింది, సాక్ష్యం కూడా ఉంది. కానీ తుడిచిన సంగతి సరే. కొట్టిన సంగతి? చెయ్యి లేచి వాడి చెంప దాకా వెళ్ళిన ఆ రెప్పపాటులో, చేతికి కారం ఉందని ఆమెకు తెలుసు. మండనీ, అనుకుంది. ఆ మాట అమ్మ గొంతులో వినిపించి ఉంటే బాగుండేది. తన గొంతులోనే వినిపించింది.

ఆ ఒక్క మాటా మింగలేక, కక్కలేక, తాలు ఏరుతూ కూర్చుంది. ఎర్రకాయ ఏదో తాలు ఏదో చెయ్యి చూసుకుంటోంది, మనసు నందిగామలో ఉంది. వాడికి చుక్కలు ఎవరు వేస్తున్నారు? అమ్మ చేతులు వణుకుతాయి. ఫోన్ చేస్తే వాడు తీయడు. అమ్మ తీసి, "ఉన్నాడులే, తింటున్నాడులే, పెద్ద హీరోలా నల్లద్దాలు పెట్టుకుని తిరుగుతున్నాడు" అంటుంది.

ఇక ఆగలేక ఓ పొద్దున చేతులు మజ్జిగలో ముంచి తోమి తోమి, కొబ్బరినూనె రాసుకుని, హైవే మీద నందిగామ బస్సెక్కింది. కల్లం ఎవరు చూస్తారని వెంకట్ అడగలేదు. ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

కనకవల్లి తలుపు తీసి, "రా రా. నీ కొడుకు నా ఇంట్లో రాజ్యం ఏలుతున్నాడు" అంది. సుశాంత్ మంచం మీద గోడకానుకుని కూర్చున్నాడు. అద్దాలు తీసి పక్కన పెట్టుకున్నాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, ఎడమ రెప్ప ఉబ్బి ఉంది. ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు.

"కారం పట్టుకుని వచ్చావా, ఊరికే వచ్చావా?" అన్నాడు గోడతో.

ఆమె స్టూలు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మాట్లాడవే? లెక్కపెడుతున్నావా?"

"లేదు. నిన్ను చూస్తున్నా."

"చూడు. బాగా చూడు. నీ పనే."

వంటింట్లోంచి కనకవల్లి అందుకుంది. "ఏడిశావులే. మీ అమ్మకి నేను పెట్టలేదా? చచ్చిందా? బుద్ధిగా బతకట్లేదా?"

"విన్నావుగా" అన్నాడు వాడు. "మీ వంశంలోనే ఉంది."

వారం కిందట అయితే ఈ మాటకు ఆమె కూడా ఓ మాట అనేది, లేదా లేచి మంచినీళ్ళకు వెళ్ళేది. ఇవాళ కదల్లేదు. నిబ్బరం వచ్చి కాదు. తను మోస్తున్న దానికంటే వాడు అన్నది తక్కువే అనిపించింది.

వాడు ఇటు తిరిగాడు. "ఒక్కటి చెప్పు. కావాలనే చేశావా?"

"కొట్టింది కావాలనే. కళ్ళు తుడిచింది కాదు. నువ్వు ఏడుస్తుంటే చూడలేక తుడిచా. చేతులు గుర్తు రాలేదు."

"కొట్టేటప్పుడు గుర్తుందా?"

తెలీదు అంటే అయిపోతుంది. వాడు నమ్ముతాడు కూడా. నమ్మాలనే అడుగుతున్నాడు, ఆ కళ్ళు చూస్తే తెలుస్తోంది. ఈ ఒక్క ముక్కకూ ఏ వీడియోలోనూ ఎవరూ జవాబు చెప్పలేదు.

"గుర్తుంది" అంది సింధూర. "ఒక్క క్షణం. మండనీ అనుకున్నా."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. కనకవల్లి గుమ్మంలోకి వచ్చి, "నోర్ముయ్యవే, పిల్లాడితో అనే మాటేనా అది" అంది.

సుశాంత్ మంచం పక్కనున్న స్టీలు గ్లాసు తీసి గోడకేసి కొట్టాడు. అది గింగిరాలు తిరుగుతూ వచ్చి సింధూర కాళ్ళ దగ్గర ఆగింది. నీళ్ళు ఆమె చీర మీద పడ్డాయి. ఆమె వంగి గ్లాసు తీసి, ఎక్కడిది అక్కడ పెట్టింది. లేచి వెళ్ళలేదు. వాడి ఊపిరి ఎగసిపడుతోంది. అది నెమ్మదించేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. కనకవల్లి లోపలికి పోయింది.

చాలాసేపటికి వాడు, "హాస్టల్ అప్పుడు కూడా తెలుసా, నేనక్కడ ఉండలేనని? నేను ఫోన్ చేసినప్పుడు?" అన్నాడు. గొంతు చిన్నదైపోయింది. ఎనిమిదో తరగతి గొంతు.

"నీ గొంతు విన్నప్పుడు తెలిసేది నాన్నా. ఫోన్ పెట్టేశాక తెలియనట్టు ఉండేదాన్ని." ఆమె చేతులు చూసుకుంది. "నా చదువు పోయింది, నీదన్నా ఉండాలని. అది నా ఆశ. నువ్వు మోయాల్సింది కాదు. తప్పు నాదే."

వాడి ఎడమ కన్ను నీరు కారుతోంది, అది ఏడుపో మంటో ఆమెకు తెలియలేదు. చెయ్యి ముందుకు పోబోయింది. ఆపుకుంది.

కాసేపటికి కనకవల్లి చుక్కల మందు పట్టుకుని వచ్చింది. "వేళయింది. పడుకో."

"నువ్వొద్దు అమ్మమ్మా. నువ్వేస్తే చెవిలో పడుతోంది." సింధూర వైపు చూడకుండా అన్నాడు. "చేతులు కడుక్కో."

ఆమె పెరట్లోకి వెళ్ళి కడుక్కుని వచ్చింది.

"ఇంకోసారి."

మళ్ళీ వెళ్ళింది. సబ్బు నురగ తెల్లగా వచ్చేదాకా తోమింది. గోళ్ళ సందులు కూడా. వచ్చి నిలబడింది.

"ముందు నీ కంట్లో పెట్టుకో వేలు."

"ఏంట్రా ఆ మాటలు" అంది కనకవల్లి. సింధూర అప్పటికే వేలితో కంటి కొస తాకింది.

ముందేమీ తెలియలేదు. తర్వాత చిన్నగా, చీమ కుట్టినట్టు, మొదలైంది. నిన్న సాయంత్రం దాకా కల్లంలో ఉన్న చెయ్యి. రెప్ప వాల్చకుండా ఉంటే వాడికి తెలియదు. అంత కొంచెం మంట. చుక్క వెయ్యడమే కదా, రెప్ప ఎత్తి పట్టుకోవడమే కదా. వాడి మొహం తన చేతుల్లో ఉంటుంది. అందుకోసమే కదా ఇంత దూరం వచ్చింది.

"మండుతోందిరా" అంది. "ఇంకా ఉంది. నేను వెయ్యను."

వాడు ఈసారి ఆమెను నేరుగా చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎంత మండుతోంది?"

"కొంచెమే."

"నువ్వు కొంచెమే అంటే నమ్మలేం" అన్నాడు. గూట్లోంచి చేతి అద్దం తీసి ఆమెకిచ్చాడు. "ఇది పట్టుకో. నేనే వేసుకుంటా. కదపకు."

మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. ఆమె పక్కన నిలబడి అద్దం వాడి మొహం మీదుగా పట్టుకుంది. వాడు అద్దంలో చూసుకుంటూ, నాలుక కొంచెం బయటపెట్టి, ఎడమ రెప్ప తనే ఎత్తుకుని ఒక చుక్క వేసుకున్నాడు. చిన్నప్పుడు అక్షరాలు దిద్దేటప్పుడు కూడా వాడి నాలుక అలాగే బయటికి వచ్చేది. అద్దం కదలకుండా పట్టుకోవడానికి ఆమెకు రెండు చేతులూ కావలసి వచ్చాయి.

కళ్ళు మూసుకునే అడిగాడు. "ఎన్నాళ్ళు ఉంటుంది చేతికి?"

"కల్లంలోకి దిగకపోతే రెండు మూడు రోజుల్లో పోతుంది."

"దిగుతావుగా."

"దిగను."

"మరి తాలు ఎవరు ఏరతారు?"

"మీ నాన్న."

"నాన్నకి ఎర్రకాయకీ తాలుకీ తేడా తెలీదు. మొత్తం కలిపేస్తాడు."

"కలిపితే కలపనీ. రేటు తగ్గితే తగ్గనీ."

"పట్టా తేవాల్సింది" అన్నాడు చివరికి, తనలో తను అనుకున్నట్టు. ఆమె ఆ మాటను అందుకోలేదు. దాన్ని అక్కడే ఉండనిచ్చింది.

భోజనం వేళకు కనకవల్లి వడ్డించింది. సింధూర విస్తట్లో నెయ్యి ఒకటికి రెండుసార్లు వేసింది. సింధూర తినేసి లేచింది. వాణ్ణి ఇంటికి రమ్మని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

"ఆదివారం రా" అన్నాడు వాడే. "ఆ కల్లంలోకి వెళ్ళకుండా రా. మళ్ళీ వేలు కంట్లో పెట్టించి చూస్తా. అప్పుడు ఆలోచిస్తా."

"సరే."

"మండితే మళ్ళీ చెప్పాలి."

"చెబుతా."

నల్లద్దాలు పెట్టుకుని బస్టాండు దాకా వచ్చాడు. ఆమె రమ్మనలేదు. దారంతా ఓ రెండడుగులు ముందు నడిచాడు, ఆమె తనకెవరో కానట్టు. రోడ్డు దాటే దగ్గర లారీల వెనక లారీలు వస్తున్నాయి. ఆమె అటూ ఇటూ చూస్తూ ఓ అడుగు ముందుకేసింది.

"ఆగు" అని వాడు వెనక్కి వచ్చాడు. ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని రోడ్డు దాటించాడు. అటు పక్కకి వెళ్ళగానే వదిలేసి, బస్సు వచ్చేదాకా కూడా ఉండకుండా వెనక్కి తిరిగాడు. ఏం చేశాడో వాడికి గుర్తుందో లేదో ఆమె అడగలేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చేతులు రెండూ ఒళ్ళో తెరిచి పెట్టుకుని కూర్చుంది. అవి ఇంకా సన్నగా మండుతూనే ఉన్నాయి. చిల్లకల్లు వచ్చేదాకా ఆ మోచేతిని మాత్రం కిటికీకి ఆనించలేదు.